యూదుల కంచు: పగలగొట్టినదీ, దాచుకున్నదీ

2017 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు బాగా పెరిగాయి. అవనిగడ్డ ఆసుపత్రికి కేసులు వరుసకట్టాయి. ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం చేశారు. పాము భయం ముంచుకొచ్చినప్పుడు పాము రూపానికే మొక్కుకోవడం, రాగి పడగో వెండి పడగో సమర్పించుకోవడం మనకు కొత్త కాదు. అయితే ఇదే లంకల్లో, ఇవే చేలల్లో పనిచేసే మరికొందరికి పాముకాటు అనగానే ఇంకో కథ కూడా గుర్తొస్తుంది. ఎడారిలో ఇశ్రాయేలీయులను పాములు కాటేస్తుంటే మోషే ఒక లోహపు సర్పాన్ని చేయించి స్తంభం మీద పెట్టాడు. దాన్ని చూసినవాళ్లు బతికారు. సంఖ్యాకాండం 21వ అధ్యాయంలోని ఈ కథ కృష్ణా డెల్టాలో చర్చి ఉన్న ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. తోట్లవల్లూరు కరకట్ట మీద నిలబడితే కృష్ణ అవతల కొల్లిపర, తెనాలి, ఆ పైన చేబ్రోలు. చేబ్రోలు పక్కనే కొత్తరెడ్డిపాలెం. ఇటు దిగువకు పోతే మచిలీపట్నం. ఆ రెండుచోట్లా తాము యూదులమని చెప్పుకునే తెలుగువాళ్లు ఉన్నారు. అంచేత ప్రాచీన యూదు సంప్రదాయంలో కంచు వస్తువుల అర్థమేమిటన్నది మనకు మరీ దూరపు ప్రశ్నేమీ కాదు.

తెలుగు బైబిల్లో వీటన్నిటినీ ఇత్తడి అన్నారు. అయితే తవ్వకాల్లో బయటపడే ఆ కాలపు వస్తువులు ఎక్కువగా రాగి, రాగిలో తగరం కలిపిన కంచు. అందుకే ఈ వ్యాసంలో కంచు అనే అంటాను.

ముందు ఆ పాము సంగతి. మోషే చేయించిన ఆ సర్పం తర్వాత ఏమైందన్నది చర్చిలో అంతగా వినపడదు. క్రీ.పూ. 8వ శతాబ్దం చివర యూదా రాజు హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడని రెండో రాజుల గ్రంథం చెబుతోంది. కారణం, అప్పటికి జనం దానికి ధూపం వేస్తున్నారు. మోషే చేయించిన వస్తువు, దేవుడే చేయమన్న వస్తువు, ప్రాణాలు నిలబెట్టిన వస్తువు. అంతటి దాన్ని ఒక రాజు పగలగొడితే ఆ మతం అతన్ని తప్పుపట్టలేదు. యూదు ధర్మచర్చల గ్రంథమైన తల్మూదులోని పండితులు హిజ్కియా చేసిన పనుల్ని లెక్కవేస్తూ కొన్నిటికి ఒప్పుకోలేదు, కొన్నిటికి ఒప్పుకున్నారు. పామును పగలగొట్టడం ఒప్పుకున్న వాటిలో ఉంది. మరి అతని ముందున్న ఆసా, యెహోషాపాతు కూడా భక్తిపరులైన రాజులే కదా, వాళ్లెందుకు ఊరుకున్నారు? హుల్లీన్ అనే తల్మూదు భాగంలో ఈ ప్రశ్న వస్తుంది. తర్వాతి తరం వాడికి కూడా చేయడానికో మంచిపని మిగలాలని పూర్వులు దాన్ని వదిలిపెట్టారని అక్కడి జవాబు. పూర్వులు చేయనిది మనం చేయకూడదనే వాదాన్ని ఇంత మర్యాదగా తోసిపుచ్చిన మాట మరొకటి నేను చదవలేదు.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మ సంకలనం మిష్నా అసలు చిక్కును నేరుగా పట్టుకుంది. పాము చంపుతుందా, బతికిస్తుందా? రెండూ కాదు, ఇశ్రాయేలీయులు పైకి చూసి తమ హృదయాలను దేవునికి లోబరచుకున్నప్పుడు బాగుపడ్డారు, లేకపోతే నశించారు అని దాని తాత్పర్యం. ఈ వ్యాఖ్యానంలో కంచుకు సొంత శక్తి లేదు. అది చూపును పైకి మళ్లించే గుర్తు మాత్రమే.

పురావస్తు శాస్త్రం దీనికి చేర్చినది చిన్నదే గానీ విలువైనది. ఇజ్రాయెల్ దక్షిణాన తిమ్నా లోయలో రాగి గనుల పక్కన ఈజిప్టువాళ్లు హాతోర్ దేవతకు కట్టిన గుడి ఉంది. 1969లో బెనో రోథెన్‌బర్గ్ అక్కడ తవ్వితే సుమారు 12 సెంటీమీటర్ల రాగి పాము దొరికింది. ఒళ్లంతా రాగి, తలకు మాత్రం బంగారు పూత. ఈజిప్టువాళ్లు వెళ్లిపోయాక క్రీ.పూ. 12వ శతాబ్దంలో మిద్యానీయులు ఆ గుడిని తమది చేసుకున్నారని, హాతోర్ ముఖాలను చెరిపేశారని రోథెన్‌బర్గ్ తేల్చాడు. ఎర్రని, పసుపుపచ్చని మందపాటి గుడ్డ ముక్కలు దొరకడంతో పైన గుడారం వేసుకున్నారనీ అన్నాడు. మోషే మామ మిద్యాను యాజకుడు. గుడారపు గుడి, రాగి పాము, మిద్యానీయులు మూడూ ఒకచోట కనిపించేసరికి చాలామంది ఇదే బైబిల్ కథకు రుజువన్నారు. అది తొందరపాటు. ఆ కాలంలో ఆ ఎడారిలో లోహపు పాముకు మొక్కే ఆచారం ఉండేదన్నంత వరకే ఈ దొరికిన వస్తువు చెబుతుంది. కానీ ఆ కొంచెమే చాలు, కథ గాలిలోంచి పుట్టలేదని తెలియడానికి.

తిమ్నా గనుల కాలం మీద కూడా పెద్ద తగువు ఉంది. 1930లలో నెల్సన్ గ్లూక్ వాటిని సొలొమోను రాజు గనులన్నాడు. రోథెన్‌బర్గ్ వచ్చి, అవి అంతకు ముందరి ఈజిప్టు కాలానివని కొట్టేశాడు. 2012 తర్వాత ఎరెజ్ బెన్-యోసెఫ్ బృందం రేడియోకార్బన్ పరీక్షలు చేస్తే, గనుల్లో పని ముమ్మరంగా సాగింది మళ్లీ క్రీ.పూ. 10వ శతాబ్దంలోనే అని తేలింది. అంటే సొలొమోను కాలమని సంప్రదాయం చెప్పేదే. అయితే ఆ గనులు నడిపినవాళ్లు ఎదోమీయులని బెన్-యోసెఫ్ అంటాడు. కాలం గ్లూక్ చెప్పినదే అయినా సొంతదారు మారిపోయాడు.

ఇక ఇశ్రాయేలీయులు ఎడారిలో ఆరాధనకు వేసుకున్న గుడారంలోని కంచు. నిర్గమకాండం లెక్క ప్రకారం ప్రత్యక్ష గుడారానికి వాడిన కంచు 70 తలాంతుల 2400 తులాలు. ఆ వస్తువులను ఎక్కడ పెట్టారో చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. లోపల, మందసం దగ్గర, దీపవృక్షం దగ్గర అంతా బంగారం. బయట ఆవరణలో బలిపీఠానికి కంచు తొడుగు, దాని చిప్పలు, గరిటెలు, నిప్పు తీసే పాత్రలు కంచు, యాజకులు చేతులూ కాళ్లూ కడుక్కునే గంగాళం కంచు. బలి తెచ్చుకున్న మామూలు మనిషి లోపలికి పోలేడు. అతను చూడగలిగేది, అతని అర్పణ తగిలేది కంచుకే. బంగారం దేవుని సన్నిధికి చెందితే, మనుషుల రాకపోకలు, నెత్తురు, నిప్పు, నీళ్లు కంచుకు చెందాయి.

ఆ గంగాళం ఎక్కడి లోహంతో పోశారు? గుడారపు ద్వారం దగ్గర సేవచేసే స్త్రీల అద్దాలతో అని నిర్గమకాండం 38వ అధ్యాయం ఒకే వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతుంది. అప్పటి అద్దమంటే బాగా మెరుగుపెట్టిన కంచు రేకు. ఈ ఒక్క వాక్యం మీద వ్యాఖ్యాతలు రెండు దారుల్లో నడిచారు. 11వ శతాబ్దపు రషీ మిద్రాష్ అనే పాత వ్యాఖ్యానాల్లోని కథను ఎత్తుకున్నాడు. సింగారానికి వాడిన అద్దాలా అని మోషే వాటిని వద్దన్నాడట. తీసుకో, నాకు వీటికంటే ప్రియమైనవి లేవు అన్నాడట దేవుడు. ఎందుకంటే ఈజిప్టులో వెట్టిచాకిరీతో డస్సిపోయిన మగవాళ్ల దగ్గరకు భార్యలు అన్నం, నీళ్లు పట్టుకెళ్లి, అద్దంలో ఇద్దరి ముఖాలూ చూసుకుంటూ నీకన్నా నేనే అందగత్తెనని సరసమాడేవారు. ఆ సరసంలోంచే ఒక జాతి పుట్టింది. ఆ తర్వాతి శతాబ్దపు ఇబ్న్ ఎజ్రా దీన్ని తలకిందులు చేశాడు. ఆ స్త్రీలు లోక వ్యామోహాలు విడిచి దేవుని సేవకు వచ్చారు, ఇక అవసరం లేదని అద్దాలు ఇచ్చేశారు అన్నాడు. ఒకరికి అద్దం గతమే దాని పవిత్రత. ఇంకొకరికి ఆ గతాన్ని వదులుకోవడమే పవిత్రత. నేను రషీ పక్షం. వెట్టిలో ఉన్న మనిషికి ఇంకొకరి ప్రేమ ఎంత ఆసరాయో ఆ కథ చెప్పినవాళ్లకు తెలుసు.

మోషే మీద కోరహు చేసిన తిరుగుబాటు కథలో కంచుకు మరో గతి పట్టింది. అర్హత లేకపోయినా ధూపం వేసిన 250 మంది అగ్నికి ఆహుతయ్యారు. వాళ్ల చేతుల్లోని కంచు ధూపార్తులు మిగిలాయి. పాపుల చేతిలోవే అయినా దేవుని ఎదుటికి తెచ్చినవి కాబట్టి అవి ప్రతిష్ఠితమైనవి, పారేయడానికి లేదు అని ఆజ్ఞ. వాటిని రేకులుగా సాగగొట్టి బలిపీఠానికి తొడుగు వేశారు. బలి ఇవ్వడానికి వచ్చిన ప్రతివాడికీ ఆ తొడుగు ఒక హెచ్చరిక. అద్దాలు, ధూపార్తులు, పాము పక్కపక్కన పెట్టి చూస్తే యూదు గ్రంథాలు కంచును చూసే తీరు తెలుస్తుంది. కంచుకు దాని గతం అంటుకునే ఉంటుంది. ఆ గతంతో ఏంచేయాలన్నదే ప్రతిసారీ ప్రశ్న.

సొలొమోను దేవాలయం గురించి త్వరగా చెప్పుకోవచ్చు. తూరు పట్టణపు హీరాము యొర్దాను మైదానంలో, సుక్కోతుకూ సారెతానుకూ మధ్య జిగట మన్ను నేలలో అచ్చులు కట్టి పోత పోశాడు. 18 మూరల స్తంభాలు యాకీను, బోయజు రెండు. పన్నెండు ఎద్దుల వీపున నిలిపిన, పది మూరల వెడల్పు సముద్రపు తొట్టి ఒకటి. వాడిన కంచును తూచనే లేదంటుంది గ్రంథం. నన్ను ఆపేది ఆ ఎద్దులు. విగ్రహం చేయవద్దన్న ధర్మం ఉన్నచోట, దేవాలయపు ఆవరణలోనే ఎద్దుల బొమ్మలు. 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ మొహమాటం లేకుండా అది సొలొమోను తప్పేనన్నాడు. తర్వాతి కాలపు యూదా రాజు ఆహాజు ఆ తొట్టిని ఎద్దుల మీద నుంచి దించి రాతి అరుగు మీద పెట్టించాడు. క్రీ.పూ. 586లో కల్దీయులు స్తంభాలనూ తొట్టినీ ముక్కలు చేసి బబులోనుకు మోసుకుపోయారు. అంత కంచులో ఒక్క పలుకు కూడా ఈనాడు ఎవరి దగ్గరా లేదు.

ఆ తర్వాత కట్టిన రెండో దేవాలయంలో అందరికీ గుర్తున్నది నికానోరు ద్వారం. మిగతా ద్వారాలన్నీ బంగారపువిగా మార్చినా దాన్ని మాత్రం కంచుతోనే ఉంచారని, ఆ కంచు బంగారంలా మెరిసేదని మిష్నా చెబుతుంది. బెన్ కాతీన్ అనే ప్రధాన యాజకుడు గంగాళానికి ఉన్న రెండు కుళాయిల చోట పన్నెండు పెట్టించాడని కూడా అక్కడే ఉంది.

లోహపు పాత్రల గురించి యూదు ధర్మం చెప్పిన మాట మాత్రం మన ఇళ్లలో వెంటనే అర్థమవుతుంది. పాపపరిహారార్థ బలి మాంసం వండిన మట్టికుండను పగలగొట్టాలి, కంచు పాత్రనైతే తోమి కడిగితే చాలునంటుంది లేవీయకాండం. మైల వచ్చిన ఇంట్లో పాత కుండలు బయట పారేసి, ఇత్తడి బిందెల్ని చింతపండుతో తోముకునే మన అమ్మమ్మలకు దీన్ని వివరించి చెప్పక్కర్లేదు. అయితే మిష్నాలోని కేలీమ్ భాగం ఇంకో మెట్టు ఎక్కింది. మైలపడిన లోహపు పాత్రను పగలగొడితే అది శుద్ధి అవుతుంది. కానీ ఆ ముక్కల్ని కరిగించి మళ్లీ పాత్ర చేస్తే పాత మైల తిరిగొస్తుంది. దీని వెనుక తల్మూదు ఒక రాణి కథ చెబుతుంది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో ఏలిన షెలోమ్‌సియోన్ రాణి కొడుకు విందుకు సిద్ధమవుతుండగా ఆమె పాత్రలన్నీ మైలపడ్డాయి. శుద్ధి జలం చల్లి ఏడు రోజులు ఆగే తీరిక లేక, వాటిని పగలగొట్టించి కంసాలికిచ్చి కొత్తవి చేయించింది. అవి కొత్తవి కావు, పాత మైల వాటికి ఉంది అన్నారు పండితులు. ఇలా దొడ్డిదారి వదిలితే శుద్ధి జలం మాటే జనం మరిచిపోతారని వాళ్ల భయం. కారణం పాలనకు సంబంధించినదే. కానీ కొలిమిలో కరిగినా లోహం తన పూర్వాన్ని మరవదనే ఊహ ఆ తీర్పులోకి వచ్చి చేరింది.

ఇతరుల దేవతా రూపాలున్న కంచు యూదుల చేతికొస్తే? మిష్నాలోని అవోదా జారా భాగం దీనికి సూక్ష్మమైన నియమాలు పెట్టింది. విగ్రహపు చెవి కొననో ముక్కు కొననో వేలి కొననో కోస్తే దాని దైవత్వం రద్దయినట్టే. ముఖం చదును చేసినా చాలు, లోహం తగ్గకపోయినా ఫర్వాలేదు. కానీ ఆ పని అన్యుడు చేస్తేనే చెల్లుతుంది, యూదుడు చేస్తే చెల్లదు. ఇప్పుడు గ్రంథం పక్కన పెట్టి గుహలోకి వెళ్దాం. 1960లో యిగాయెల్ యాదీన్ మృత సముద్రం దగ్గర నహల్ హెవెర్ లోయలోని ఒక గుహలో 19 కంచు వస్తువులున్న బుట్టను కనుగొన్నాడు. కూజాలు, ధూపపు చేటలు, పళ్లాలు. క్రీ.శ. 132-135లో రోముపై తిరగబడిన బర్ కోఖ్బా మనుషులు ప్రాణభయంతో దాగిన గుహ అది. సామాను రోమన్ పనితనం. బహుశా సైనిక శిబిరంలోంచి దోచుకొచ్చినది. ఆ వస్తువుల మీది దేవతల, మనుషుల ముఖాల్ని కావాలనే గీకి చెరిపేశారు. పళ్లెం మధ్యలో చెక్కిన బొమ్మలో ఒళ్లు ఉంది, పక్కన సగం గుర్రం సగం మనిషి ఉన్నాడు, ముఖాలు మాత్రం అరిగిపోయాయి. తిండీ నీళ్లూ కరువైన గుహలో కూడా ఆ ముఖాలు తుడిచేయడానికి ఎవరో ఓపికగా కూర్చున్నారు. యూదుడు చెరిపితే చెల్లదని డెబ్భై ఏళ్ల తర్వాత కూర్చిన మిష్నా అంటోంది. వాళ్లు మాత్రం చెరిపారు. వాడుకోవాలనుకున్నారు కాబట్టే చెరిపారని నాకు అనిపిస్తుంది. అక్కర్లేనిదైతే పారేసేవారే.

ధూపపు చేటల మీద వాదం ఇంకా ఉంది. 4వ, 6వ శతాబ్దాల యూదు ప్రార్థనాలయాల, అంటే సమాజమందిరాల, మొజాయిక్ నేలల మీద, హమ్మాత్ తిబెరియ, బేత్ ఆల్ఫా లాంటి చోట్ల, దీపవృక్షం పక్కన సరిగ్గా అలాంటి చేటే కనిపిస్తుంది. 2016లో గలిలయలోని మగ్దలలో కూడా ఒక కంచు చేట దొరికింది. ఇవన్నీ దేవాలయ జ్ఞాపకాలా, లేక రోమన్ ఇళ్లలో నిప్పు తీసుకెళ్లే మామూలు సామానా? ప్రతి చేటనూ దేవాలయానికి ముడిపెట్టడం సరికాదని హెచ్చరించే పరిశోధకుల మాట నాకు సబబుగా ఉంది. నేల మీద బొమ్మగా వేసుకున్నప్పుడు అది జ్ఞాపకం, ఇంట్లో దొరికినప్పుడు అది చేట.

ఏన్ గెదీ దీపవృక్షానికి మాత్రం అంత సులువైన జవాబు లేదు. దేవాలయంలోలాగా ఏడు కొమ్మల దీపం ఎవరూ చేయకూడదు, ఐదో ఆరో ఎనిమిదో చేసుకోవచ్చు, ఏడు కొమ్మలది వేరే లోహంతో కూడా వద్దు అని తల్మూదు నియమం. 1970ల తవ్వకాల్లో ఏన్ గెదీ సమాజమందిరంలో సరిగ్గా ఏడు కొమ్మల చిన్న కంచు దీపవృక్షమే బయటపడింది. ఆ మందిరంలోనే మాడి బొగ్గయిన ఒక గ్రంథపు చుట్ట కూడా దొరికింది. దాన్ని విప్పకుండానే 2015లో కంప్యూటర్ సాయంతో చదివితే అది లేవీయకాండం. నియమ గ్రంథం, నియమం మీరిన దీపం ఒకే గదిలో ఉన్నాయి. వెలిగించడానికి కాక అలంకారానికే పెట్టారని సర్దిచెప్పవచ్చు. కానీ పండితుల తీర్పులూ పల్లెల ఆచారమూ ఎప్పుడూ ఒకటి కావన్నదే ఎక్కువ నమ్మదగ్గ మాట.

మన దేశంలో యూదుల కంచుకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం మంగళూరు గురించినది. 12వ శతాబ్దంలో ట్యునీషియా యూదు వర్తకుడు అబ్రహాం బెన్ యిజు 1132 నుంచి 1149 దాకా ఎక్కువ కాలం మలబారు తీరంలో గడిపి, మంగళూరులో కంచు, ఇత్తడి పాత్రల కార్ఖానా నడిపాడు. అషు అనే బానిస స్త్రీని కొని, 1132లో విముక్తి చేసి సంసారం చేశాడు. ఏడెనులోని యూదు వర్తకులు పగిలిన పాత పాత్రలు, రాగి, తగరం ఓడల్లో పంపి, ఫలానా కొలతలో దీపం కావాలి, చెంబు కావాలి అని ఉత్తరాలు రాసేవారు. ఇక్కడి కంచరులు కరిగించి పోసేవారు. ఆ ఉత్తరాలు కైరో సమాజమందిరపు పాత కాగితాల గదిలో నిలిచిపోయి, 1890ల చివర కేంబ్రిడ్జికి చేరాయి. పరిశోధకులు గొయిటీన్, ఫ్రీడ్‌మన్ వాటిని అచ్చువేశారు, అమితావ్ ఘోష్ వాటిమీదే ఒక పుస్తకం రాశాడు. పాత లోహం కరిగి కొత్త పాత్రగా యూదు ఇళ్లకు చేరడం అప్పటికి పండితుల చర్చ కాదు, రోజువారీ వ్యాపారం. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సమాజమందిరంలో ప్రార్థన వేదిక చుట్టూ ఇత్తడి కటకటాలు ఉన్నాయి. జోసెఫ్ రబ్బాన్‌కు క్రీ.శ. 1000 ప్రాంతంలో చేర రాజు ఇచ్చిన రాగి శాసనాలను ఆ సమాజం తన ఉనికికి పత్రాలుగా దాచుకుంది. కొచ్చి యూదుల వాదానికి లోహపు సాక్ష్యం ఉంది.

కొత్తరెడ్డిపాలెం, మచిలీపట్నాల బెనే ఎఫ్రాయిము వారికి అలాంటిది లేదు. క్రీ.పూ. 722లో అష్షూరు చెదరగొట్టిన ఉత్తర గోత్రాల్లో ఎఫ్రాయిముది తమ గోత్రమని వాళ్ల కథనం. హిజ్కియా పామును ముక్కలు చేసిన కాలమూ ఇంచుమించు అదే. వాళ్లు మాదిగ కుటుంబాల నుంచి, అంతకు ముందు బాప్టిస్టు సంఘాల నుంచి వచ్చినవారు. షముయేల్, సాదోక్ యాకోబీ సోదరుల నాయకత్వంలో 1980ల చివర, 1990ల మొదట్లో విశ్రాంతి దినం పాటించడం, హీబ్రూ నేర్చుకోవడం, సమాజమందిరం కట్టుకోవడం మొదలుపెట్టారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ప్రచురించిన ఆంధ్ర యూదుల పుస్తకం ఈ ఉద్యమాన్ని కులం మీద తిరుగుబాటుగా కూడా చదవాలంటుంది. గొడ్డుమాంసం తినడం, శవాన్ని పాతిపెట్టడం లాంటి, ఊరు చిన్నచూపు చూసిన ఆచారాలనే వీళ్లు ప్రాచీన వారసత్వంగా ఎత్తి చూపించారు. ఇలాగే తాము ఇశ్రాయేలు గోత్రమని చెప్పుకునే ఈశాన్య భారతపు బ్నేయి మెనాషేను ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ పీఠం 2005లో గుర్తించింది. వీళ్లకు అలాంటి గుర్తింపు రాలేదు.

పాత వస్తువు ఒక్కటి కూడా చూపించలేనివాళ్ల మాట ఎలా నమ్మాలని కొందరంటారు. వస్తువు చూపించమనే ముందు ఈ డెల్టాలో కంచు ఎవరి ఇంట ఉండేదో అడగాలి. బాపట్ల దగ్గర బుద్ధాం బౌద్ధ విగ్రహాలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, అమరావతి కంచు బుద్ధులు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. అవి రాజులు, వర్తకులు పోషించిన విహారాల సొత్తు. మాదిగవాడలో తరతరాలుగా ఉన్నది మట్టికుండ. కుండ పగిలితే పెంకులే మిగులుతాయి. దాన్నిబట్టి వాళ్ల కథ నిజమని రుజువు కాదు, అబద్ధమనీ కాదు. క్రీ.పూ. 722 నుంచి కొత్తరెడ్డిపాలెం దాకా సాగే వంశక్రమాన్ని చరిత్ర విద్యార్థిగా నేను ఒప్పుకోలేను. కానీ లోహం లేదు కాబట్టి ఆరాధన లేదనే వాదాన్ని ఖండించడానికి నాకు తల్మూదులోనే ఆధారం ఉంది. గ్రీకుల చేతుల్లోంచి దేవాలయం తిరిగి దక్కినప్పుడు హస్మోనీయులనే యూదు పాలకుల దగ్గర బంగారు దీపవృక్షం లేదు. ఇనుప శూలాలకు తగరం పూసి వాటినే దీపంగా నిలబెట్టారు. కలిగినప్పుడు వెండిది, ఇంకా కలిగినప్పుడు బంగారుది చేసుకున్నారు. ఇనుప శూలాల మీద వెలిగిన దీపం చెల్లదని ఏ పండితుడూ అనలేదు.